పోయిన మనిషి ఇచ్చిన మాట

చక్రపాణి మెట్ల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. తల కిందికి, కాళ్ళు పైకి.

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక గల్లీ. మూడంతస్తుల పాత కాంప్లెక్స్. జూన్ నెల, సోమవారం. పొద్దున పదింటికి మెట్లు ఊడవడానికి పైకెక్కిన చంద్రమ్మ రెండో అంతస్తు దాటి మలుపు తిరిగింది. ఆయన్ని చూసింది. చీపురు అక్కడే పడేసి కిందికి పరుగెత్తింది.

ఎస్సై మానస వచ్చేసరికి పదీ ఇరవై.

ప్రాణం పోయి ఎక్కువసేపు కాలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. కుడిచెయ్యి రెండో అంతస్తు తలుపుల వైపు చాచి ఉంది. ఒక నూలు కండువా రెయిలింగ్ చువ్వకు చిక్కుకుని వేలాడుతోంది.

మానసకు శవాలు కొత్త కాదు. కానీ ఆ చాచిన చెయ్యి ఎందుకో కళ్ళలో ఉండిపోయింది.

చక్రపాణికి యాభై ఎనిమిదేళ్ళు. మూడో అంతస్తులో ఒంటిగది ఆఫీసు. చుట్టుపక్కల మెడికల్ షాపులకూ హోల్‌సేల్ దుకాణాలకూ అకౌంట్స్ చూసేవాడు. బీకాం పాసై, ఎక్కడికెళ్ళినా ఎక్స్‌పీరియన్స్ ఉందా అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయిన పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పేవాడు. ఆ గల్లీ నిండా ట్యాలీ, జీఎస్టీ కోర్సుల బోర్డులే. చక్రపాణికి బోర్డు లేదు. ఒకరు చెబితే ఇంకొకరు వచ్చేవాళ్ళు.

హెడ్ కానిస్టేబుల్ నర్సింహులు స్టేట్‌మెంట్లు తీసుకున్నాడు.

చంద్రమ్మ తొమ్మిదింటికి కింద ఊడుస్తుంటే సారు లోపలికొచ్చాడట. నమస్తే పెడితే చెయ్యెత్తి నవ్వి పైకి పోయాడట. తర్వాత తను పక్క కాంప్లెక్స్ ఊడ్చి పదింటికి మళ్ళీ వచ్చిందట. ఇంతకుముందు బిడ్డ చదువు గురించి అడిగేవాడని, ఈ మధ్య మాట తగ్గించాడని, పెద్దోళ్ళకు ఏం రంధి ఉంటదో మనకేం తెలుసని చెప్పింది.

రెండో అంతస్తులో కెరీర్ కన్సల్టెన్సీ నడిపే రాకేశ్‌కు ముప్పై నాలుగేళ్ళు. ఇస్త్రీ చొక్కా, రెండు ఫోన్లు. ఎప్పుడూ మధ్యాహ్నం వచ్చేవాడు ఆ రోజు పని ఉండి తొమ్మిదికే వచ్చాడు.

"తొమ్మిదింపావు అయితుండొచ్చు మేడమ్. సార్ పైన ఫోన్‌ల గట్టిగ మాట్లాడుతుండె. 'ఎన్నిసార్లు చెప్పాలి నీకు' అని అరుస్తుండె. నేను లోపలికి పోయి తలుపేసుకున్న. ఏసీ సప్పుడుల ఇగ ఏం ఇనపడలే."

చక్రపాణి ఫోన్ మాత్రం ఎక్కడా దొరకలేదు. గుమిగూడిన జనంలో ఎవరో జేబులో వేసుకుని ఉంటారన్నాడు నర్సింహులు.

పోస్ట్‌మార్టం రిపోర్ట్ వచ్చింది. తల వెనక దెబ్బ. పడ్డాక సుమారు అరగంట బతికి ఉన్నాడు. మెడ ముందు పాత ఆపరేషన్ మచ్చ. దాని మీదుగా సన్నగా, ఎర్రగా కొత్త గీత. కండువా చువ్వకు చిక్కుకుని ఒరుసుకుని ఉంటుందనుకుంది మానస. ఫోన్ మాట్లాడుతూ మెట్లు దిగుతుంటే అడుగు తప్పాడు. ప్రమాదం. ఫైల్ మీద తనే సంతకం పెట్టింది.

*

తర్వాతి వారం, బుధవారం మధ్యాహ్నం ఒక అమ్మాయి స్టేషన్‌కు వచ్చింది. బెంచీ మీద చాలాసేపు కూర్చుంది. రెండుసార్లు లేచి గేటు దాకా వెళ్ళి మళ్ళీ వచ్చింది. చివరికి మానసే పిలిచింది.

పేరు షెర్లిన్. వయసు ఇరవై రెండు. బోరబండ. తండ్రి కృపావరం సెంట్రింగ్ మేస్త్రి. ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి తనే. బీకాం అయ్యాక రెండు నెలలు ట్యాలీ నేర్చుకుంది. సర్టిఫికెట్ పట్టుకుని ఎక్కడెక్కడో తిరిగింది. పని తెలిసినవాళ్ళు కావాలన్నారు అందరూ. పని ఇస్తేనే కదా తెలిసేది అని ఎవరినడగాలో తెలియని రోజుల్లో ఎవరో చక్రపాణి పేరు చెప్పారు.

ఆయన కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదట. మొదటి నెలంతా ఒక మెడికల్ షాపు బిల్లుల సంచీ ముందు పడేశాడు. ఏది సరుకు, ఏది ఖర్చు, ఏది ఓనరు సొంత వాడకం, విడదీయమన్నాడు. అర్థం కాకపోతే షాపుకు పోయి అడిగి రమ్మన్నాడు. సాఫ్ట్‌వేర్ రెండు వారాల్లో వచ్చేస్తుందని, బిల్లును చూసి అనుమానపడటం రావాలంటే ఆరు నెలలు పడుతుందని అనేవాడట. ఆ ఆరు నెలలూ డిసెంబర్‌కు పూర్తయ్యాయి. అప్పటినుంచి సార్‌ను చూడలేదు. ఇంటర్వ్యూ ఉన్నప్పుడల్లా ఫోన్‌లో మాట్లాడేది. ధైర్యం చెప్పేవాడు.

పంజాగుట్టలో ఒక కంపెనీ ఆమెను అకౌంట్స్ ట్రైనీగా తీసుకోవడానికి ఒప్పుకుంది. ముందురోజు, మంగళవారం అక్కడి హెచ్ఆర్ అనుదీప్ ఫోన్ చేశాడు. మీ చక్రపాణిగారితో నిన్న సాయంత్రం మాట్లాడాను, మీ గురించి బాగా చెప్పారు, శుక్రవారం వచ్చి ఆఫర్ లెటర్ తీసుకోండి అన్నాడు.

షెర్లిన్ అక్కడ ఆగిపోయింది. గ్లాసులో నీళ్ళు తాగింది.

"నేను పోయిన వారం పంజాగుట్ట శ్మశానంల ఉన్న మేడమ్. పొగ తగ్గేదాక గేటు కాడ నిలబడ్డ. మరి మొన్న... పోయినోళ్ళు ఫోన్ ఎత్తుతరా?"

ఇంట్లో చెబితే తల్లి దేవమణి నోరు మూసుకుని లెటర్ తెచ్చుకోమంది. ఇంత కాలం తిరిగాక తెరుచుకున్న ఒకే తలుపు అది. కానీ షెర్లిన్ కళ్ళు మూసుకుంటే సార్ గది మూలలో నిలబడినట్టు ఉంటోందట. ఏదో చెప్పబోతున్నట్టు ఉంటోందట. చెప్పట్లేదట.

పోలీసులకు చెబితే ఉద్యోగం పోవచ్చని తెలుసా అని అడిగింది మానస. తెలుసంది.

ఇద్దరూ పంజాగుట్ట వెళ్ళారు. అనుదీప్ కంగారు పడ్డాడు. రిఫరెన్స్ కాల్స్ అన్నీ రికార్డ్ చేస్తామన్నాడు. సోమవారం సాయంత్రం నాలుగున్నర కాల్. ప్లే చేశాడు.

"చక్రపాణిని మాట్లాడుతున్నాను." నిదానమైన గొంతు. అడుగున కొంచెం గరుకు. "షెర్లిన్ నా దగ్గర ఆరు నెలలు పనిచేసింది. చెయ్యి కాస్త తొందర. మళ్ళీ చూడమంటే విసుక్కోకుండా చూస్తుంది. ఒకసారి ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కించింది. నేను గమనించలేదు. ఇంటికి బయల్దేరిన పిల్ల దారిలో బస్సు దిగి, వెనక్కొచ్చి చెప్పింది. తప్పు చేయనివాళ్ళు మీకు దొరకరు బాబూ. తప్పు దాచని మనిషి కావాలంటే తీసుకోండి."

షెర్లిన్ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ బిల్లు సంగతి చెప్పిన సాయంత్రం గదిలో తనూ సారూ తప్ప ఎవరూ లేరంది. ఆ సంగతి తను ఎవరికీ చెప్పలేదంది. గొంతు సార్‌దేనా అని అడిగితే తలూపింది.

మానస ఇంకోసారి వినిపించమంది. స్టేషన్‌కు వస్తుంటే దారంతా ఆ గొంతు వెంటే వచ్చింది. చనిపోయిన మనిషి ఇంత నింపాదిగా మాట్లాడటం ఆమెకు మింగుడుపడలేదు.

*

గురువారం ఉదయం కాల్ రికార్డులు వచ్చాయి.

చక్రపాణి నంబర్ పనిచేస్తూనే ఉంది. సిగ్నల్ కృష్ణానగర్ టవర్. చనిపోయిన రోజు కూడా, పొద్దున్నుంచీ అక్కడే. అంటే ఆయన మెట్ల మీద పడేసరికి ఫోన్ అమీర్‌పేటలో లేదు. తొమ్మిదింపావుకు ఆ నంబర్‌లో కాల్ కూడా లేదు.

మరి రాకేశ్ విన్నదేమిటి? రెండో ఫోన్ ఉందేమోనన్నాడు నర్సింహులు. ఎదుటి మనిషి మీదే అరిచాడేమో. ఆ ఎదుటి మనిషే ఫోన్ దొంగేమో.

చనిపోవడానికి ముందురోజు, ఆదివారం సాయంత్రం రాకేశ్ నంబర్ నుంచి ఒక కాల్ ఉంది. ఆ మాట రాకేశ్ చెప్పలేదు.

మానస చూపు మాత్రం ఇంకో వరుస మీద ఆగింది. ఎప్పటిలాగే, దహనం అయ్యాక కూడా ప్రతి సాయంత్రం ఏడింటికి ఆ ఫోన్‌కు ఒకే నంబర్ నుంచి కాల్ వస్తోంది. ఎత్తుతున్నారు. రెండు మూడు నిమిషాలు మాట్లాడుతున్నారు.

ఆ నంబర్ చక్రపాణి భార్య స్వరాజ్యానిది.

బల్కంపేటలో చిన్న పోర్షన్. స్వరాజ్యం తలుపు తీసి, ఏమీ అడగకుండా పక్కకు జరిగింది. ఇంట్లో టీవీ లేదు, రేడియో లేదు. గోడ గడియారం కూడా ఆగి ఉంది. పిల్లలు లేరు.

మీవారి ఫోన్ ఎవరి దగ్గర ఉందని అడిగింది మానస.  రోజూ సాయంత్రం ఎవరితో మాట్లాడుతున్నారని అడిగింది.

"ఆయనతోనే" అంది స్వరాజ్యం.

మానస తలెత్తి స్వరాజ్యాన్ని చూసింది. ఆమె ముఖంలో పిచ్చి లేదు. ఏడుపూ లేదు. తన ఫోన్ తీసి, నంబర్ నొక్కి, స్పీకర్ పెట్టి టీపాయ్ మీద ఉంచింది.

రెండు రింగులు.

"స్వరాజ్యం." అదే గొంతు. నిదానంగా, అడుగున గరుకుతో. "ఈవేళప్పుడు చేశావేం? తిన్నావా?"

పట్టపగలు. కిటికీలోంచి ఎండ పడుతోంది. అయినా మానస చేతుల మీద రోమాలు లేచాయి.

"తిన్నాను" అంది స్వరాజ్యం. "పోలీసులు వచ్చారు."

అవతల ఎవరో సన్నగా దగ్గారు. తర్వాత వేరే గొంతు వచ్చింది. సన్నగా, వణుకుతూ, గోదావరి యాసతో.

"సరేనమ్మా. రమ్మను. నేను గదిలోనే ఉంటాను."

ఆయన్ని భయపెట్టొద్దంది స్వరాజ్యం. అడ్రస్ చెప్పింది.

*

కృష్ణానగర్‌లో మూడో అంతస్తు మీద రేకుల గది. బుల్లబ్బాయికి అరవై ఏళ్ళుంటాయి. డబ్బింగ్ ఆర్టిస్ట్. తెర మీద ఆయన ముఖం ఎవరూ చూడలేదు. తండ్రులకు, జడ్జీలకు, ముసలి రౌడీలకు, దయ్యాలకు ముప్పై ఏళ్ళుగా గొంతు ఇస్తున్నాడు.

చక్రపాణి ఫోన్ చాపమీద ఉంది. ఛార్జింగ్ పెట్టి ఉంది.

మానస అడగకముందే దాన్ని ఆమె చేతికిచ్చాడు.

"నేను దొంగిలించలేదు మేడం గారూ. వాడే ఇచ్చాడు. జనవరిలో."

ఆ తర్వాత చెప్పిందంతా ఆయన తలొంచుకునే చెప్పాడు. చక్రపాణీ తనూ ఒకప్పుడు ఇదే కృష్ణానగర్‌లో ఒకే గదిలో ఉన్నారు. చక్రపాణి చదివింది బీకామే. ఎవరూ పనిలో పెట్టుకోలేదు. బుల్లబ్బాయి ఒక నిర్మాత కాళ్ళావేళ్ళా పడి, మావాడికి నాదీ పూచీ అని చెబితే ప్రొడక్షన్ అకౌంటెంట్ కింద సహాయకుడిగా తీసుకున్నారు. టీ బిల్లులూ జనరేటర్ బిల్లులూ రాసుకుంటూ మొదలైన మనిషి. ఎవరో ఒకరు పూచీ పడకపోతే ఈ పనిలో మొదటి మెట్టు దొరకదని చక్రపాణి ఎప్పుడూ అనేవాడు. అందుకే పిల్లల్ని దగ్గరికి తీశాడు. ఆరు నెలలు కళ్ళతో చూసిన పని మీదే మాట ఇచ్చేవాడు.

జనవరిలో మెడకు థైరాయిడ్ ఆపరేషన్ అయింది. ప్రాణం నిలబడింది. గొంతు నరం దెబ్బతింది.

మానస కలం ఆపింది.

"అంటే?"

"గొంతు పోయిందండి. చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప వినపడని గుసగుస. అంతే. డాక్టరు కూడా ఇంతకన్నా రాదన్నాడు."

కొత్త పిల్లల్ని తీసుకోవడం మానేశాడు చక్రపాణి. మచ్చ కనబడకుండా కండువా చుట్టుకునేవాడు. పొద్దున వెళ్ళి, పని చూసుకుని, ఎవరూ రాకముందే ఇంటికి వచ్చేసేవాడు. కానీ అప్పటికే నేర్చుకుని వెళ్ళిన పిల్లలున్నారు. ఇంటర్వ్యూల్లో ఆయన పేరు చెప్పుకున్నవాళ్ళు. కంపెనీలు ఫోన్ చేస్తే మాట్లాడేదెవరు? మాట్లాడలేని మనిషి మాటకు విలువ ఎవరిస్తారని భయపడ్డాడు. ఫోన్ తెచ్చి ఈ చాప మీద పెట్టాడు. ఒక్కొక్క పిల్ల గురించీ, పిల్లాడి గురించీ చెవిలో చెప్పాడు. ఎవరు దేనిలో గట్టి, ఎవరికి ఎక్కడ తడబాటు. అక్షరం మార్చకుండా చెప్పమన్నాడు.

"నేను ఒక్క అబద్ధం చెప్పలేదండి. గొంతు తప్ప."

చనిపోయాక ఎందుకు ఆపలేదని అడిగింది మానస. ఇంకా నలుగురు పిల్లలు మిగిలిపోయారన్నాడు. మరి స్వరాజ్యం?

బుల్లబ్బాయి ఛార్జింగ్ వైరు తీసి చుట్టాడు. ఆపరేషన్ తర్వాత ఆ ఇంట్లో మాట వినబడలేదన్నాడు. సాయంత్రం పూట మొగుడి పక్కనే కూర్చుని, తనకు ఫోన్ చేసి, ఆయన చెప్పేది తన నోట వినేదట ఆ పిచ్చితల్లి. ఆయన గుసగుసలాడేవాడు, తను పలికేవాడు. పోయాక కూడా చేసింది. ఎత్తకుండా ఉండలేకపోయాడు.

ఆదివారం రాకేశ్ ఎందుకు ఫోన్ చేశాడో కూడా చెప్పాడు. రాకేశ్ తన దగ్గరికొచ్చిన కుర్రాళ్ళకు చక్రపాణి దగ్గర రెండేళ్ళు పనిచేసినట్టు దొంగ లెటర్లు ఇచ్చాడు. కంపెనీలు ఫోన్ చేస్తే బుల్లబ్బాయి తెలియదన్నాడు. ఉద్యోగాలు పోయాయి. ఒక కుర్రాడు అన్నదమ్ములతో వచ్చి రాకేశ్ ఆఫీసు పగలగొట్టాడు. ఆదివారం రాకేశ్ బతిమాలాడు, తర్వాత బెదిరించాడు. వాళ్ళు నా దగ్గర పనిచేయలేదు, చేశారని చెప్పను, ఎన్నిసార్లు చెప్పాలి నీకు అన్నాడు బుల్లబ్బాయి, చక్రపాణి గొంతుతో.

"సోమవారం సాయంత్రం కలిసినప్పుడు చక్రికి చెబుదామనుకున్నా" అన్నాడు. 

మానస లేచి నిలబడింది. సోమవారం ఉదయం ఎక్కడున్నారని అడిగింది. స్టూడియోలో, ఎనిమిది నుంచి పన్నెండు దాకా అన్నాడు. నర్సింహులు వెళ్ళి కనుక్కున్నాడు. నిజమే.

*

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి చక్రపాణి ఆఫీసు తాళం తీయించింది మానస.

చంద్రమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. స్వరాజ్యం భర్త కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చుంది, కుర్చీలో కాదు. షెర్లిన్ తను ఆరు నెలలు కూర్చున్న చోటే కూర్చుంది. రాకేశ్ ఆలస్యంగా వచ్చాడు. లోపలి గది కర్టెన్ వేసి ఉంది.

ఆ రోజు విన్నది మళ్ళీ చెప్పమంది మానస. రాకేశ్ చెప్పాడు. ఈసారి ఇంకాస్త వివరంగా. అరుపు ఏ మెట్టు దగ్గర్నుంచి వచ్చిందో కూడా చెప్పాడు.

"ఆయన గొంతేనా? వేరేవాళ్ళది కాదు కదా?"

"ఆ గొంతు నాకు తెల్వదా మేడమ్. మూడేండ్ల సంది ఇంటున్న."

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు" అంది ఆ గొంతు, కర్టెన్ వెనక నుంచి.

రాకేశ్ గోడకు అతుక్కుపోయాడు. చంద్రమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. స్వరాజ్యం మాత్రం కళ్ళు మూసుకుంది.

"ఇదేనా?" అంది మానస.

"ఇదే... గిదే గొంతు."

కర్టెన్ తొలగింది. బుల్లబ్బాయి బయటికొచ్చాడు. రాకేశ్ ఆయన ముఖం ఎన్నడూ చూసి ఎరగడు.

మానస హాస్పిటల్ కాగితం బల్ల మీద పెట్టింది. జనవరి నుంచి నువ్వు ఫోన్‌లో విన్న గొంతు ఈయనదని, ఆ సోమవారం ఉదయం ఈయన కృష్ణానగర్‌లో మైక్ ముందు ఉన్నాడని చెప్పింది.

"చక్రపాణిగారికి గొంతు లేదు రాకేశ్. ఐదు నెలలుగా లేదు. నాకు ముందే తెలియాల్సింది. జూన్ ఎండలో మెడకు కండువా. రిపోర్ట్‌లో మచ్చ. సారు మాట తగ్గించాడని చంద్రమ్మ మొదటిరోజే చెప్పింది. నేను పట్టించుకోలేదు. ఆయన భార్యను ఒక్క ప్రశ్న అడగలేదు. నువ్వు చెప్పిన అరుపునే పట్టుకుని కేసు మూసేశాను. ఆ మనిషి అరవలేడు. పడిపోతే అమ్మా అని కూడా గట్టిగా అనలేడు. మరి నువ్వు ఎవరి అరుపు విన్నావు?"



రాకేశ్ మెల్లగా కిందికి జారి నేల మీద కూర్చున్నాడు. చొక్కా నలుగుతున్నా చూసుకోలేదు.

మెట్ల మీద కాపు కాశానని చెప్పాడు. ఆయన ఏదో పనిమీద కిందికి దిగుతుంటే అడ్డం నిలబడ్డాడు. లెటర్ల గురించి అడిగాడు. దండం పెట్టాడు. తర్వాత తిట్టాడు. ఆయన తల అడ్డంగా ఊపి పక్కనుంచి పోబోయాడు.

"నిన్ననే ఫోన్‌ల అంత మాట్లాడిన మనిషి, ఎదురుంగ నిలబడితె ఒక్క మాట మాట్లాడలే. నన్ను మనిషి కింద లెక్క కట్టలే అనుకున్న. కండువ పట్టి గుంజిన. గిర్రున తిరిగి వెనుకకు పడ్డడు."

పడ్డాక ఏం చేశావని అడిగింది మానస.

"లోపలికి పోయి కూసున్న. దెబ్బ తాకితె అరుస్తడు, ఎవరన్న వస్తరు అనుకున్న. ఏసీ బంద్ చేసి సుత ఇన్న. సప్పుడు లేదు. ఇగ ఏం కాలేదు, లేచి పోయిండు అనుకున్న."

అరగంట. రెండో అంతస్తు తలుపు వైపు చెయ్యి చాచి ఒకాయన. తలుపు వెనక చెవులు రిక్కించి ఇంకొకడు. మానసకు ఆ తర్వాత చాలా రోజులు ఏ మెట్లు ఎక్కినా ఆ అరగంటే గుర్తొచ్చేది.

స్వరాజ్యం లేచింది. రాకేశ్ వైపు చూడలేదు. బుల్లబ్బాయి దగ్గరికి వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"ఇక చాలు అన్నయ్యా" అంది. "ఇక నీ గొంతుతో మాట్లాడు."

బుల్లబ్బాయి ఏదో అనబోయాడు. ఏ గొంతూ రాలేదు.

*

బుల్లబ్బాయి ఫోన్‌లో చేసింది కూడా రిపోర్ట్‌లో రాసింది మానస. దాచలేదు. కంపెనీలేవీ ఫిర్యాదు ఇవ్వలేదు. పైఅధికారి ఆయన్ని పిలిచి మందలించి, సాక్షిగా పేరు చేర్చుకుని పంపేశాడు.

షెర్లిన్ ఆ శుక్రవారం ఆఫర్ లెటర్ తెచ్చుకోలేదు. పంజాగుట్ట కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది. రిఫరెన్స్ చెల్లదన్నారు. ఇంట్లో దేవమణి మూడు రోజులు కూతురితో మాట్లాడలేదు. తర్వాతి వారం అనుదీప్ మళ్ళీ ఫోన్ చేశాడు. వాళ్ళ అకౌంట్స్ హెడ్ రుద్రమ్మ రికార్డింగ్ విందట. ఒక పూట వచ్చి కూర్చోమంది. బ్యాంక్ స్టేట్‌మెంట్ ఒకటి, ఒక నెల ఎంట్రీలు ఇచ్చి, తేడా ఎక్కడుందో చూడమంది. షెర్లిన్ మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. తేడా దొరికింది. కానీ ఒకచోట తనకు అర్థం కాలేదని, ఊహించి రాయలేదని చెప్పింది. మూడు నెలలు ట్రయల్ మీద తీసుకున్నారు. జీతం తక్కువే. దేవమణి ఆదివారం చర్చిలో లేచి, ఇది దేవుడు చేసిన మేలని సాక్ష్యం చెప్పింది.

రాకేశ్‌ను రిమాండ్‌కు పంపే రోజు మానసే వెంట వెళ్ళింది. వాన మొదలైంది. లక్డీకాపూల్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. చుట్టూ హారన్లు.

స్టేషన్‌లో ఉన్నన్ని రోజులూ రాకేశ్ మాట్లాడుతూనే ఉన్నాడు. లాయర్ గురించి, బెయిల్ గురించి, ఇంటి గురించి. జీపులో మాత్రం నోరు మెదపలేదు. అద్దం మీద వాననీళ్ళు చూస్తూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి మానస వైపు తిరిగాడు.

"మేడమ్, ఒకటి చెప్పలే నేను. కండువ పట్టుకున్నప్పుడు సార్ పెదవులు కదిలినయ్."

మానస వినడానికి కొంచెం వంగింది.

"ఏదో అన్నడు. నిజంగ అన్నడు. నేను గట్టిగ ఒర్రుతున్న గదా, ఇనపడలే. జర ఆగితె ఇనపడేదేమో."

ముందు బస్సు కదిలింది. నర్సింహులు గేరు మార్చాడు. రాకేశ్ ఇంకా ఆమె ముఖంలోకే చూస్తున్నాడు.

"ఏమన్నడంటరు మేడమ్?"